నాటకనగరం వెనుక న్యాయస్థాన నగరం: హాలహర్వి దిక్కునుండి బళ్ళారి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆధునిక తెలుగు నాటకరంగ చరిత్రలో బళ్ళారికి విశిష్టస్థానం ఉంది. అయితే ఆ చరిత్ర నగరాన్ని రంగస్థలంగానే చూపింది. ఆలూరు తాలూకా పల్లెలకు బళ్ళారి కచేరి, కోర్టు, ఆసుపత్రి, సంత. ఈ రెండు ముఖాలకూ నడుమగల సంబంధాన్ని హాలహర్వి వంటి సరిహద్దు గ్రామం దిక్కునుండి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ముగ్గురూ న్యాయవాదులు కావడం యాదృచ్ఛికం కాదనీ, 1953 విభజన తరువాత పల్లెలకు కలిగిన దూరాన్ని సాహిత్యం తగినంతగా నమోదు చేయలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దత్తమండలాలు, బళ్ళారి, హాలహర్వి, రైత్వారీ, నాటకరంగం, ప్రజాసేవలు, సరిహద్దు, సుగ్గి.

1. ప్రస్తావన

ఒక నగరాన్ని ఎవరు ఎక్కడ నిలబడి చూశారన్నదాన్నిబట్టి దాని సాహిత్యచరిత్ర మారుతుంది. బళ్ళారిని తెలుగు విమర్శ ఎక్కువగా ప్రేక్షకుల వరుసలో కూర్చుని చూసింది. 1887లో ప్రదర్శితమైన ‘చిత్రనళీయం’, సరసవినోదినీ సభ, సుమనోరమ సభ, రాఘవ నటన, తెర, దీపం, చప్పట్లు – ఇవే ఆ చరిత్రకు ఆనవాళ్ళు. వీటి విలువను తగ్గించవలసిన పనిలేదు. కానీ అదే కాలంలో ఆలూరు తాలూకా పల్లెలనుండి ఎడ్లబండి కట్టుకొని బళ్ళారికి వచ్చిన రైతు నాటకం చూడటానికి వచ్చి ఉండడు. శిస్తు తగాదా, పొలంగట్టు తగాదా, అప్పు దావా, జ్వరపడిన బిడ్డ, అమ్మవలసిన పత్తి – ఇటువంటి అవసరాలే అతణ్ణి నగరానికి నడిపించాయి.

హాలహర్వి నేటి కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆలూరు – బళ్ళారి దారిలో ఉన్న మండలకేంద్రం. ఊరి పేరులోనే కన్నడ ధ్వని వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కాగితంలో మళ్ళీ తెలుగు – ఈ పల్లెల్లో భాషలు పనినిబట్టి మారుతాయి. బళ్ళారి ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. జిల్లాకేంద్రమైన కర్నూలు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాసానికి మూలం.

2. కచేరి చుట్టూ పెరిగిన నగరం

1800లో నిజాం తన రక్షణసైన్యపు ఖర్చుకు బదులుగా ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. రాయలసీమ అన్న పేరు వాడుకలోకి రావడానికి 1928 నంద్యాల సభదాకా ఆగవలసివచ్చింది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో 1800నుండి 1807వరకు పనిచేశాడు. 1808లో ఆ మండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా విడదీశారు. ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో భాగమయ్యాయి.

మన్రో పేరుతో ముడిపడిన రైత్వారీ పద్ధతిని సాధారణంగా భూమిశిస్తు చరిత్రలో చెప్పి విడిచిపెడతారు. సాహిత్య విద్యార్థికి అందులో ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆ పద్ధతిలో ప్రభుత్వం ఒక్కొక్క రైతుతోనూ విడివిడిగా లెక్క పెట్టుకుంది. అంటే ఒక్కొక్క రైతుకూ ఒక కాగితం, ఆ కాగితానికి ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒక తగాదా ఏర్పడే అవకాశం కలిగింది. ఊరి పెద్దమనుషుల ముందు మాటతో తేలే విషయం కచేరిలో రాతతో తేలవలసివచ్చింది. అర్జీ, జమాబందీ, పట్టా, దావా, వకాల్తా, జప్తు, అమీనా వంటి మాటలు రైతు నోట నిత్యవ్యవహార పదాలయ్యాయి. చదవడం రాని మనిషి జీవితం రాతమీద ఆధారపడటం ఈ పల్లెలు కళ్ళారా చూసిన మార్పు.

మద్రాసు గవర్నరు అయిన తరువాత మన్రో దత్తమండలాలలో పర్యటిస్తూ 1827 జూలైలో పత్తికొండలో కలరాతో మరణించాడు. గవర్నరునూ రైతునూ ఒకే తీరుగా తీసుకుపోయే ఆ జబ్బు త్రాగునీటితో ముడిపడినదన్న జ్ఞానం ఇంకా స్థిరపడని కాలమది. ఆయన స్మృత్యర్థం పత్తికొండలో బావి కట్టించి తోపు వేయించారు. పాలకుని జ్ఞాపకం ఈ నేలమీద నీటిరూపంలో నిలవడం గమనింపదగినది. ప్రజలు పాలనను గుర్తుపెట్టుకునేది చట్టాలపేర్లతో కాక బావి, చెట్టు, దారి, ఆసుపత్రి వంటి వాటితో అని ఈ ఉదాహరణ చెబుతుంది.

తరువాతి దశాబ్దాల్లో బళ్ళారి సైనికస్థావరంగా, జిల్లాకేంద్రంగా స్థిరపడింది. 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టంతో మద్రాసు రాష్ట్రంలో పురపాలనకు రూపం ఏర్పడింది. ఆదోని పురపాలకసంఘం వయస్సు ఆ సంవత్సరంనుండే లెక్కకు వస్తుంది. 1871నాటికి మద్రాసు – రాయచూరు రైలుమార్గం ఆదోని మీదుగా పూర్తయింది. నల్లరేగడి పత్తి రైలెక్కింది. పడమటి సీమ రైతుకు ధర నిర్ణయించే స్థలం తన సంతనుండి తాను చూడని ఊళ్ళకు మారింది. ఈ విధంగా పరిపాలన, న్యాయం, రవాణా, వైద్యం ఒకేచోట పోగుపడిన నగరంగా బళ్ళారి రూపొందింది. నాటకం ఈ పోగు మీద మొలకెత్తింది.

3. న్యాయవాదులు నాటకకర్తలైన తీరు

ఉరుగ్వే విమర్శకుడు ఆంఖెల్ రామా లాటిన్ అమెరికా వలసనగరాలను అక్షరనగరాలుగా పేర్కొన్నాడు. 1984లో వెలువడిన ఆయన గ్రంథం ప్రకారం, ఆ నగరాల్లో లేఖకులు, న్యాయవేత్తలు, గుమాస్తాలు రాతను అధికారంగా మార్చారు. వారినుండే సాహిత్యవర్గం కూడా పుట్టింది. ఈ పరిశీలన బళ్ళారికి చాలామేరకు వర్తిస్తుంది. ఒక తేడా మాత్రం ఉంది. బళ్ళారి న్యాయవాది రాతతో ఆగలేదు. అతడు రంగస్థలమెక్కి పలికాడు.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912), కోలాచలం శ్రీనివాసరావు (1854–1919), రాఘవ (1880–1946) ముగ్గురూ బళ్ళారిలో న్యాయవాదులు. రాఘవకు ధర్మవరంవారు మేనమామ. నాటకరంగ చరిత్రలు ఈ వృత్తిని జీవితవిశేషాల పట్టికలో ఒక వాక్యంగా పేర్కొని ముందుకు సాగుతాయి. వృత్తిని రచన వెలుపలి సంగతిగా భావించడమే ఇందుకు కారణం. రచనలను వృత్తితో కలిపి చదివినప్పుడు కొన్ని కొత్త విషయాలు తెలుస్తాయి.

ధర్మవరంవారి ‘విషాద సారంగధర’ తెలుగులో తొలి విషాదాంత నాటకంగా ప్రసిద్ధం. పాశ్చాత్య నాటకప్రభావంతో ఆయన విషాదాంతాన్ని స్వీకరించారన్నది విమర్శకుల సాధారణ వివరణ. అది సరైనదే కాని అసంపూర్ణం. సారంగధరుని కథలో ప్రధానవిషయం ఏమిటి? సవతితల్లి చిత్రాంగి నింద మోపుతుంది. రాజు ఆ మాటను విచారించకుండానే నమ్మి కుమారుని కాలుసేతులు నరికిస్తాడు. ఇది ఒక అభియోగం, సాక్ష్యం లేని తీర్పు, వెంటనే అమలైన శిక్ష. పూర్వకథలో సిద్ధుని మహిమతో సారంగధరునికి అవయవాలు తిరిగివస్తాయి. అంటే అద్భుతం పై న్యాయస్థానంలా వచ్చి తీర్పును సరిదిద్దుతుంది. విషాదాంతాన్ని ఎన్నుకున్న న్యాయవాది ఆ ఊరటను ప్రేక్షకునికి ఇవ్వలేదు. అమలైన తప్పుడు తీర్పును ఏ మహిమా వెనక్కు తిప్పదని కోర్టు ఆవరణలో నిత్యం చూసే మనిషికి తెలిసి ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఈ దృష్టితో చూస్తే విషాదాంతం కేవలం అరువు తెచ్చుకున్న రూపంగా కనబడదు. వలసకాలపు కోర్టునగరంలో దానికి స్థానికమైన వేరు కనిపిస్తుంది.

కోలాచలంవారి మార్గం వేరు. చారిత్రక నాటకకర్తగా ఆయన విజయనగర పతనాన్ని రంగస్థలానికి తెచ్చారు. విజయనగర శిథిలాలైన హంపి అప్పటి బళ్ళారి జిల్లాలోనే ఉంది. ఆ సామ్రాజ్యచరిత్రను ఆంగ్లంలో గ్రంథస్థం చేసి 1900లో ప్రకటించిన రాబర్ట్ సూయల్ బళ్ళారిలో కలెక్టరుగా పనిచేసిన అధికారి. ఒకే జిల్లాలో కలెక్టరు శాసనాల్నీ విదేశీ యాత్రికుల రచనల్నీ ఆధారం చేసుకొని చరిత్ర రాశాడు, వకీలు ఆ పతనాన్నే నాటకంగా రాశాడు. ఇద్దరూ సాక్ష్యంతో పనిచేసేవారే. అయితే కలెక్టరుకు పతనం ముగిసిన విషయం. పరాయిపాలనలో బ్రతుకుతున్న నాటకకర్తకు అది ముగిసిన విషయం కాదు. ‘రామరాజు’ నాటకంలో పఠాన్ రుస్తుం పాత్రకు రాఘవ తెచ్చిన ప్రసిద్ధి వెనుక ఈ ముగియని బాధ కూడా పనిచేసిందని భావించవచ్చు.

రాఘవ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేసినవాడు. రాగాలాపనకు ప్రాధాన్యమిచ్చే పద్యనటన ప్రబలంగా ఉన్న కాలంలో ఆయన సంభాషణకు, భావప్రకటనకు, సహజత్వానికి పెద్దపీట వేశాడు. 1928లో ఇంగ్లాండు పర్యటనలో ఆయన చూసిన నాటకరంగాన్ని ఈ సందర్భంలో ప్రస్తావించడం వాడుక. అంతకంటే దగ్గరి పాఠశాల ఆయన నిత్యం వెళ్ళే కోర్టు. అక్కడ సాక్షి పద్యం పాడడు. తడబడతాడు, మాట మింగుతాడు, ఒక్కొక్కసారి మౌనంగా నిలబడతాడు. ఆ మౌనానికి అర్థం చెప్పగలగడమే న్యాయవాది నేర్పు. ఆదోని, ఆలూరు పల్లెలనుండి వచ్చి బోనెక్కిన మనుషుల మాటతీరు సహజనటనకు ముడిసరుకై ఉండవచ్చునన్నది ఒక ఊహ మాత్రమే. కాని రాఘవ నటనను గురించి ఇప్పటివరకు ఇచ్చిన వివరణలలో ఆ మనుషులకు చోటే లేకపోవడం ఒక లోపం.

4. నాటకచరిత్రలో లేని ప్రేక్షకుడు

నాటకసమాజాలు నిలబడాలంటే తీరిక, డబ్బు, చదువుకున్న ప్రేక్షకులు కావాలి. ఈ మూడూ బళ్ళారికి ప్రధానంగా కచేరీలు, కోర్టులు, వర్తకంనుండి లభించాయి. న్యాయవాది సంపాదనలో ఒక భాగం కక్షిదారుడైన రైతునుండి వచ్చినదే. అందుచేత ఆలూరు తాలూకా రైతు తాను చూడని నాటకానికి పరోక్షంగా పోషకుడయ్యాడు. దీన్ని నాటకకర్తలమీద నిందగా గ్రహించరాదు. ఒక కళ ఏ ఆర్థికపునాది మీద నిలిచిందో చెప్పడం ఆ కళను చిన్నబుచ్చడం కాదు.

రైతుకు నాటకం తెలియదనుకోవడం కూడా పొరపాటే. పంట ఇల్లు చేరాక ఊరి బయలులో తెల్లవారేదాకా ఆడే బయలాట, వీధినాటకం ఈ సరిహద్దు పల్లెల సొత్తు. అక్కడ టిక్కెట్టు లేదు, తెర లేదు. ఆటగాడు, చూచేవాడు ఒకే ఊరివారు. నగరనాటకానికి విమర్శగ్రంథాలు, బిరుదులు, జయంతులు లభించాయి. బయలాట జానపదకళల అధ్యాయంలోకి చేరింది. ఒకే జిల్లాలో, ఒకే కాలంలో, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఆడిన రెండు నాటకాలను వేర్వేరు శాస్త్రాలకు పంచడంవల్ల వాటిమధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకోవడాలను పరిశీలించే వీలు లేకుండాపోయింది.

5. కరువు: ఆకాశం, కార్యాలయం

రాయలసీమ సాహిత్యాన్ని కరువుసాహిత్యంగా గుర్తించడం స్థిరపడిన ధోరణి. 1876–78 నాటి ధాత కరువులో బళ్ళారి జిల్లా అత్యంత తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. అప్పటికే రైలు ఉంది, పురపాలకసంఘాలు ఉన్నాయి, కోర్టులు ఉన్నాయి. రైలు ధాన్యాన్ని తేగలిగింది. ధాన్యం కొనే శక్తిని మాత్రం రైతుకు ఇవ్వలేకపోయింది. కరువుపనుల్లో కూలిని రిచర్డ్ టెంపుల్ సిఫారసుమేరకు పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద ఒక అణాకు తగ్గించారు. అంటే ఆకలి పరిమాణం వానతోపాటు ఒక ఉత్తర్వుమీద కూడా ఆధారపడింది.

విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ మొదలుకొని సింగమనేని నారాయణ సంకలనంచేసిన ‘సీమకథలు’ వరకు కరువు సీమ సాహిత్యానికి ప్రధానవస్తువు. ఈ రచనల ప్రామాణికతను శంకించే పనిలేదు. వాటిపై వచ్చిన విమర్శ మాత్రం ప్రకృతినీ కక్షలనూ పట్టించుకున్నంతగా కార్యాలయాన్ని పట్టించుకోలేదు. రాని వానగురించి రాసిన విమర్శకుడు, అందని గంజికేంద్రం ఎంతదూరంలో ఉన్నదో అడగలేదు. రాయలసీమ కథల్లో తహసిల్దారు, వైద్యుడు, బస్సు, రేషన్ దుకాణం ఎక్కడ కనిపిస్తాయి, ఎంత ఆలస్యంగా కనిపిస్తాయి అన్న ప్రశ్నతో చదివితే అవే కథలు పాలనాచరిత్రకు కూడా ఆధారాలవుతాయి.

6. 1953: పోయిన నగరం, పెరిగిన దూరం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలు జిల్లాలో, మూడవది అనంతపురం జిల్లాలో చేరాయి. వివాదంలో ఉన్న బళ్ళారి తాలూకా జస్టిస్ ఎల్. ఎస్. మిశ్రా విచారణానంతరం మైసూరుకు దక్కింది.

తెలుగు సాంస్కృతిక వ్యాసాల్లో ఈ ఘటన ‘బళ్ళారిని పోగొట్టుకున్నాం’ అన్న మాటతో కనిపిస్తుంది. ఆ మాటలోని బాధ నాటకనగరాన్ని గురించినది. హాలహర్వి దిక్కునుండి చూస్తే పోయినది వేరు. నడచి వెళ్ళి సాయంత్రానికి చేరగల జిల్లాకచేరి పోయింది. తాతల దస్తావేజులున్న నగరం పొరుగురాష్ట్రంలో మిగిలింది. కలెక్టరుకు అర్జీ ఇవ్వాలన్నా, జిల్లాకోర్టులో వాయిదాకు హాజరు కావాలన్నా తూర్పుముఖంగా వంద కిలోమీటర్లు దాటి వెళ్ళవలసివచ్చింది. ఒక వాయిదాకు రెండురోజుల కూలి పోవడం ఎవరూ తీర్పులో రాయని శిక్ష.

ఈ పరిశీలన సరిహద్దును తిరగదోడాలన్న వాదం కాదు. భాషాప్రాతిపదికన గీత ఎక్కడ గీసినా కొన్ని ఊళ్ళు అంచున మిగలక తప్పదు. అయితే భాష ఆధారంగా రాష్ట్రాన్ని నిర్మించినప్పుడు, దూరం ఆధారంగా నడిచే సేవలు ఏమవుతాయన్న ప్రశ్నను ఆనాటి రాష్ట్రోద్యమ సాహిత్యం ప్రముఖంగా చర్చించలేదు. బళ్ళారిలో 1961లో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడింది. రాష్ట్రం మారినా ఆలూరు వైపు రోగికి ప్రాణాపాయంలో గుర్తుకువచ్చే పెద్దాసుపత్రి బళ్ళారిదే. ప్రభుత్వపథకాలు రాష్ట్రం పరిధినిబట్టి రూపొందుతాయి. రోగి మాత్రం దూరాన్నిబట్టి కదులుతాడు. నీటి విషయమూ ఇంతే. హోస్పేట వద్ద నిలిచిన తుంగభద్ర నీరు దిగువకాలువ ద్వారా కర్ణాటక దాటి ఈ ప్రాంతానికి రావాలి. అదే 1953లో ఏర్పడిన తుంగభద్ర బోర్డు ఆ పంపకానికి బాధ్యత వహించింది. రెండు రాష్ట్రాలకూ కలిపి నీటికి ఒక బోర్డు ఏర్పడగలిగింది. రోగికీ, విద్యార్థికీ, కక్షిదారుకూ అటువంటి ఉమ్మడి ఏర్పాటు ఆలోచనలోకి రాలేదు.

1985లో వచ్చిన మండలవ్యవస్థ ఈ దూరాన్ని కొంత తగ్గించింది. హాలహర్వి మండలకేంద్రమైంది. తాలూకాకచేరి స్థానంలో మండలకార్యాలయం పల్లెకు చేరువైంది. ఈ మార్పును చిన్నదిగా చూడరాదు. కాని అర్జీ ఇచ్చే బల్ల దగ్గరైనంతమాత్రాన దాన్ని తేల్చే అధికారం కూడా దగ్గరైనట్టు కాదు.

7. సుగ్గి: ఒక పదం చెప్పే చరిత్ర

పడమటి కర్నూలు పల్లెల్లో పనికోసం వలసపోవడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, సంబరం. సరిహద్దు దాటి తెలుగులోకి వచ్చిన ఈ మాట ఇక్కడ ఇతరుల పంటకోతగా మారింది. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాల కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతకు, పత్తితీతకు మూటాముల్లెతో తరలుతాయి. ఒకప్పుడు ఊళ్ళో జరిగిన పండుగ పేరు, నేడు ఊరు విడిచే ప్రయాణానికి పేరు. నిఘంటువు ఈ రెండు అర్థాలనూ పక్కపక్కన పెట్టగలదు. వాటి మధ్య జరిగిన కథను సాహిత్యమే చెప్పాలి.

వలసకాలంలో బడిపిల్లలకోసం సీజనల్ హాస్టళ్ళు నడపడం ప్రభుత్వం ఈ సమస్యను గుర్తించిందనడానికి నిదర్శనం. అయినా రేషన్, బడి, ఆరోగ్యకేంద్రం స్థిరమైన చిరునామాను ఆధారం చేసుకొని రూపొందిన సేవలు. ఏడాదిలో కొన్నినెలలు చిరునామా లేకుండా బ్రతికే మనిషి వాటి అంచున ఉండిపోతాడు. దీనికి ప్రతిగా ఇదే నేలమీద నిలిచిన మంచి ఉదాహరణ కూడా ఉంది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో స్థాపించిన చేనేతకారుల సహకారసంఘం నూలును, అమ్మకాన్ని నేతగాని ఊరికే తెచ్చింది. సేవ మనిషిని వెతుక్కుంటూ వచ్చినప్పుడు వలస అవసరం తగ్గుతుందనడానికి ఆ ప్రయత్నం ఒక ఆధారం. నాటకసభల చరిత్రకు దక్కిన పుటల్లో కొన్నైనా ఇటువంటి సంఘాల సాంస్కృతికచరిత్రకు దక్కవలసి ఉంది.

8. ఉపసంహారం

ఈ పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, బళ్ళారి నాటకరంగాన్ని అక్కడి కోర్టునుండి వేరుచేసి అర్థం చేసుకోవడం కుదరదు. విషాదాంతం, చారిత్రకవస్తువు, సహజనటన అనే మూడు నూతనాంశాలలోనూ న్యాయవాదవృత్తి ముద్రను వెతకడానికి తగిన కారణాలున్నాయి. రెండవది, రాయలసీమ సాహిత్యవిమర్శ కరువుకు వానను, కక్షను మాత్రమే కారణాలుగా చూపక, సేవాకేంద్రానికీ పల్లెకూ నడుమగల దూరాన్ని కూడా ఒక విమర్శాంశంగా గ్రహించాలి. మూడవది, 1953 విభజనను గురించిన సాంస్కృతికవేదన నగరవాసి వేదనగా మాత్రమే నమోదైంది. అంచున ఉన్న పల్లె నష్టం వేరు రకమైనది.

బళ్ళారిలో నేటికీ రాఘవ పేరిట కళామందిరం ఉంది. అదే నగరంలోని పెద్దాసుపత్రి వరండాలో ఆలూరు, హాలహర్వి వైపునుండి వచ్చినవారి తెలుగు వినిపిస్తుంది. మొదటిదాన్ని తెలుగు సాహిత్యచరిత్ర తనదిగా చెప్పుకున్నది. రెండవదాన్ని కూడా తనదిగా గుర్తించినప్పుడే బళ్ళారిని గురించిన తెలుగు విమర్శ సమగ్రమవుతుంది.